గ్రానైట్ పలకలు దించడానికి ముందు ఏ సామాను కొనాలి?

రావులపాలెం దగ్గర కాలవ గట్టు రోడ్డు మీద కొత్తగా గ్రానైట్ షాపు పెట్టాననీ, ఎనిమిది మంది ముఠాతో లారీలు దించిస్తున్నాననీ, పోయిన నెల ఒకతని కాలివేళ్ళు పలక కింద నలిగాయనీ రాశారు. ఉన్న డబ్బుతో పాత హైడ్రా క్రేను కొనాలా, గాలి పీల్చి పలకని పట్టి ఎత్తే వాక్యూమ్ యంత్రం తెప్పించాలా అని అడిగారు. రెండూ ఇప్పుడే వద్దండి. ముందు స్టాండ్లు చేయించండి. ఆ తర్వాత దూలం, చేతి గొలుసు లాగి బరువెత్తే చైన్ బ్లాకు, పలక పట్టే క్లాంపు. ఈ వరస ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగానే రాయాలి, ఓపిగ్గా చదవండి.

నేను ముప్పై ఏళ్ళ కిందట ముఠా కూలీగానే మొదలయ్యాను. మొదట రైసు మిల్లులో బస్తాలు, తర్వాత రాయి. ఇప్పుడు రాజమండ్రి వైపు సొంత యార్డు ఉంది. స్లాబు అంటే మన దగ్గర ఇంటి పైకప్పు కాబట్టి నేను పలక అనే రాస్తాను.

మన ప్రాంతానికి ఒక చిక్కుంది. ధవళేశ్వరం దిగువన సముద్రం దాకా ఒండ్రుమట్టి, నల్లమట్టి తప్ప రాయి లేదు. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు కూడా ధవళేశ్వరం దగ్గరి కొండల్లో రాయి కొట్టే తెచ్చారు. ఇవాళ మనం అమ్మే గ్యాలక్సీ రకం గ్రానైట్ చీమకుర్తి నుంచి వస్తుంది, టాన్ బ్రౌన్ రకం కరీంనగర్ నుంచి, నాపరాళ్ళు బేతంచర్ల, తాడిపత్రి వైపు నుంచి. క్వారీ ఊళ్ళలో పిల్లలు రాయి చుట్టూ ఎలా మసలాలో చూస్తూ పెరుగుతారు. మన ముఠావాళ్ళకి చేతనైంది ధాన్యం బస్తా. 75 కేజీల బస్తా జారితే ఒళ్ళు అడ్డంపెట్టి ఆపుతారు, భుజం మీదకి తిప్పుకుంటారు. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన ఆ అలవాటే పలక దగ్గర ప్రాణం మీదకి తెస్తుంది.

ముందు బరువు సంగతి. గ్రానైట్ ఘనమీటరు సుమారు 2,700 కేజీలు. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకి ఐదు కేజీలని గుర్తుపెట్టుకోండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తున్న పలక 300 కేజీలు. 30 మిల్లీమీటర్లది అయితే 450. ఎనిమిది మంది మోస్తున్నారు కదా, మనిషికి 40 కేజీలే కదా అనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగమనిషికి పెట్టిన 55 కేజీల హద్దుకి లోపలే ఉన్నామనీ అనిపిస్తుంది. కానీ పలక బిర్రుగా ఉంటుంది, వంగదు. నేల కాస్త ఎగుడుదిగుడైనా, ఒకడు పొడుగు ఒకడు పొట్టి అయినా, బరువంతా ఎదురెదురు మూలల్లో ఉన్న ఇద్దరు ముగ్గురి మీద పడుతుంది. మిగతావాళ్ళు చెయ్యి ఆనించి నడుస్తారంతే. వాళ్ళు మోయడం లేదన్న సంగతి వాళ్ళకే తెలియదు.

అసలు ప్రమాదం మోతలో కంటే వాలడంలో ఎక్కువుంది. నిలువుగా నిలబెట్టిన 300 కేజీల పలక 5 డిగ్రీలు వాలితే, పై అంచు దగ్గర పట్టుకుని ఆపడానికి 13 కేజీల బలం చాలు. కుర్రాడు ఒంటిచేత్తో ఆపేస్తాడు. 15 డిగ్రీలకి 40 కేజీలు కావాలి. 30 డిగ్రీలకి 87. అదీ కదలకుండా ఉన్న పలక లెక్క. కదలడం మొదలైతే ఇంకా ఎక్కువ. వెనకాల మరో నాలుగు పలకలు ఆనుకుని ఉంటే అన్నిటినీ ఐదుతో హెచ్చవేయండి. పది డిగ్రీలు వాలిన ఆరడుగుల పలక నేలని తాకడానికి ఒక సెకను కాస్త అటూ ఇటూ. మొదట్లో అంత తేలిగ్గా ఆగుతుంది కాబట్టే మనిషి దాన్ని నమ్ముతాడు. ఆ తర్వాత తప్పుకోవడానికి టైముండదు.

నా కళ్ళముందు జరిగింది చెప్తాను. పాలకొల్లు వైపు ఒక షాపుకి లోడు. అప్పటికే సందకాడైంది. లారీ ఎడమ చక్రాలు రోడ్డు మార్జిన్‌లోకి దిగి ఉన్నాయి, తొట్టి ఆ పక్కకి కొంచెం ఒరిగింది. తొందరలో కట్టు ముందే విప్పేశారు. ఏడు పలకల్లో ఒకటి దించాం. మిగతావాటిని కాసేపు ఆపుదామని నా పక్కనున్న జతగాడు వీపు ఆనించి నిలబడ్డాడు. అతనికీ లారీ సైడు చెక్కకీ మధ్య అడుగున్నర కూడా ఖాళీ లేదు. ముందు పలక అడుగున పెట్టిన చెక్కపేడు జరిగింది. చిన్నగా కిర్రుమన్న చప్పుడు, ఎవరో కంకరరాయి తొక్కినట్టు. "వదిలెయ్, బయటికి దూకు" అని నేను అరిచేలోపు అతను కాళ్ళు బిగించి ఇంకా గట్టిగా నెట్టాడు. బస్తా అయితే ఆగేది. మూడు పలకలు వచ్చి తొడ మీద పడ్డాయి. గునపాలు పెట్టి లేపబోతే పాలిష్ మీద రెండుసార్లు జారాయి, జారినప్పుడల్లా బరువు మళ్ళీ అతని మీదే. చివరికి డ్రైవరు లారీ జాకీ తెచ్చి పెడితే పైకి లేచాయి. ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ తర్వాత బరువు ముట్టలేదు. ఇప్పుడు మా యార్డులో లెక్కలు చూస్తున్నాడు. కొత్త కుర్రాడు చేరితే ముందు ఆయన దగ్గరికే పంపిస్తాను.

అందుకే స్టాండు ముందు అన్నాను. ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో ఉండే స్టాండు, వీపు నిలువు నుంచి ఐదు నుంచి పది డిగ్రీల వాలు. పలక వీపుకి పూర్తిగా ఆనుకోవాలి, అడుగు అంచు కూడా సమంగా కూర్చోవాలి. అందుకోసం కింది పట్టీని కూడా అదే వాలుతో లోపలికి దించి వెల్డింగ్ చేయించండి. చాలామంది కింది పట్టీ చదునుగా పెట్టిస్తారు, అప్పుడు పలక అంచు మీద సన్నగా నిలబడి ముందుకి జారే దారి వెతుక్కుంటుంది. ఇనుముకి రాయి తగలకుండా చెక్క గానీ రబ్బరు గానీ వేయించండి. రెండు పక్కలా సమానంగా పేర్చాలి, తీసేటప్పుడూ ఇటొకటి అటొకటి తీయాలి. ఒక పక్కే పది పలకలుంటే మూడు టన్నులు అటు లాగుతాయి, స్టాండే తిరగబడుతుంది.

కొనేవాళ్ళు చూసే చోట ఈ A స్టాండు కూడా చాలదు. అక్కడ గూళ్ళ స్టాండు కావాలి. అడుగున పట్టీకి వరసగా రంధ్రాలుంటాయి, వాటిలో దిగే గట్టి పైపులుంటాయి, ప్రతి పలకకీ ముందో పైపు వెనకో పైపు. పలక వాలినా పైపు దగ్గరే ఆగుతుంది. మన దగ్గర ఇల్లు కట్టుకునేవాళ్ళు రాయి చూడటానికి కుటుంబమంతా వస్తారు. పెద్దవాళ్ళు పుస్తకం పేజీలు తిప్పినట్టు పలకలు ముందుకి లాగి చూస్తారు, పిల్లలు ఆ సందుల్లో దాగుడుమూతలు ఆడతారు. దయచేసి రేపే ఒక గొలుసు అడ్డం కట్టించండి. పలక చూపించడం మీ మనిషి పని. కొనేవాళ్ళు గొలుసు ఇవతలే కుర్చీలో కూర్చోవాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటానికీ లొంగను, ఎమ్మెల్యే గారి బంధువులొచ్చినా సరే.

స్టాండు ఎంత గట్టిదైనా కింద నేల మనది కాదన్నట్టే ఉంటుంది. నల్లమట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. జూన్‌లో నిటారుగా ఉన్న స్టాండు అక్టోబరుకి ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, కంటికి కనపడదు. నల్లమట్టి తీయించి, గ్రావెల్ నింపి, దిమ్మిస కొట్టించి, ఊచలు కట్టి కనీసం ఆరంగుళాల కాంక్రీటు పోయించండి. స్టాండుని దానికి బోల్టులతో బిగించండి. నెలకోసారి రసమట్టం, గుండు పెట్టి చూడండి. వాలు తేడా వస్తే బోల్టు కింద పేళ్ళు దూర్చి సరిపెట్టకండి, పలకలన్నీ దించి నేల సరిచేయించండి.

ఇక ఎత్తే సామాను. మీ షాపు ముందు లారీ నిలిచే చోటి నుంచి స్టాండ్ల దాకా ఒక ఇనుప దూలం, దాని మీద నడిచే ట్రాలీ, దానికి 1 టన్ను చైన్ బ్లాకు. ఎత్తు విషయంలో చాలామంది పొరపాటు పడి తర్వాత స్తంభాలు కోసి పెంచుకుంటారు. లెక్క వేయండి. లారీ తొట్టి నాలుగడుగులు, తొట్టిలో స్టాండు అరడుగు, పలక పైకి లేవడానికి అరడుగు, పలక ఆరడుగులు, క్లాంపు రెండడుగులు, చైన్ బ్లాకు అడుగున్నర. పద్నాలుగున్నర అయింది. కాస్త ఖాళీ కలుపుకుని దూలం కింది అంచు పదహారు అడుగుల ఎత్తున ఉండాలి. దూలం, స్తంభాల సైజు వెల్డరు అంచనాకి వదలకుండా ఇంజనీరుతో లెక్క కట్టించండి. కట్టాక 1,250 కేజీలు వేలాడదీసి, మనుషుల్ని దూరంగా ఉంచి పరీక్ష చేయించండి. ఏడాదికోసారి తెలిసినవాళ్ళతో గొలుసులూ కొక్కేలూ తనిఖీ చేయించి కాగితం రాయించుకోండి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఇలాంటి సామానుకి పన్నెండు నెలలకోసారి తనిఖీ అని రాశారు. మీ షాపు ఫ్యాక్టరీ లెక్కలోకి రాకపోయినా ఆ పద్ధతి మంచిదే.

పలక 300 కేజీలే కదా, అరటన్ను చైన్ బ్లాకు చాలదా అని అడుగుతారు. తడికి గానీ రెసిన్ జిగురుకి గానీ రెండు పలకలు అతుక్కుని ఒక్కటిగా లేవడం నేను చాలాసార్లు చూశాను. 30 మిల్లీమీటర్లవైతే అలా లేచింది 900 కేజీలు. 1 టన్నే తీసుకోండి. చేతి గొలుసు ఒక్క మనిషి లాగితే రావాలి. ఇద్దరు కలిసి లాగాల్సి వస్తోందంటే బరువు ఎక్కువైందనో, ఎక్కడో తట్టుకుందనో అర్థం. ఆపి చూడాలి. దాంతో పలకని అడ్డంగా ఈడ్చకూడదు, నిలువుగా ఎత్తడానికే అది. కొక్కేనికి బరువు జారిపోకుండా అడ్డుపడే నాలుక లేకపోయినా, కొక్కెం నోరు కాస్త తెరుచుకున్నా పక్కన పడేయండి.

క్లాంపు అంటే కత్తెరలా ఉండే పట్టు. పైకి లాగేకొద్దీ పలక బరువే దాన్ని ఇంకా బిగిస్తుంది. రెండు దవడలకీ రబ్బరు మెత్తలుంటాయి. మొత్తం భద్రత ఆ రబ్బరులోనే ఉంది. కోత మిషను దగ్గర్నుంచి వచ్చిన పలక మీద రాతిపొడి బురద పట్టి ఉంటుంది, అది రబ్బరుకీ రాయికీ మధ్య సబ్బులా పనిచేస్తుంది. ప్రతిసారీ పట్టే చోట తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. క్లాంపు ఏ మందం నుంచి ఏ మందం దాకా పడుతుందో దాని మీదే ముద్ర ఉంటుంది, ఆ హద్దు దాటొద్దు. పలక నడిమధ్య పట్టించి ముందు రెండంగుళాలు మాత్రమే లేపి ఆగండి. ఒక పక్కకి ఒరిగితే దించి చోటు మార్చండి. అటూ ఇటూ రెండు తాళ్ళు కట్టి ఇద్దరు దూరం నుంచి తిప్పాలి, చేత్తో పలకని నెట్టకూడదు. చీరిక ఉన్న పలకని, వెనక జాలీ అంటించి తెచ్చిన బలహీనమైన మార్బుల్‌ని క్లాంపుతో ఎత్తకండి, చీరిక దగ్గర రెండుగా ఊడుతుంది. వాటికి అడుగు నుంచి బెల్టులు వేయాలి.

బెల్టుల దగ్గర రంగు చూడండి. వంగపువ్వు రంగు 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3. కుట్టిన చీటీ ఊడిపోతే ఆ బెల్టు పనికి రాదు. ఎండలో ఏడాది పడున్న బెల్టు చూడ్డానికి బాగానే ఉన్నా లోపల బలం పోయి ఉంటుంది. కోసిన గ్రానైట్ అంచు కత్తిలాంటిది, బెల్టు తగిలే ప్రతి మూలలో పాత లారీ ట్యూబు ముక్క మడిచి పెట్టండి. రెండు బెల్టులు పైన ఒకే కొక్కేనికి కలిసేటప్పుడు కోణం ముఖ్యం. బెల్టు నేలకి 60 డిగ్రీల్లో ఉంటే 300 కేజీల పలకకి ఒక్కో బెల్టు మీద 173 కేజీలు పడతాయి. 45 అయితే 212. 30కి వచ్చేసరికి ఒక్కో బెల్టూ మొత్తం 300 మోస్తుంది, పైగా రెండూ లోపలికి జారతాయి. పొడుగు బెల్టు కొనండి, కోణం నిటారుగా ఉంటుంది. కోనసీమ కొబ్బరి మోకు పడవలకి మంచిదే, నాకూ దాని మీద అభిమానమే. కానీ అది ఎంత మోస్తుందో దాని మీద ముద్ర ఉండదు, లోపల పీచు ఎక్కడ కుళ్ళిందో పైకి తెలియదు. రాయికి వాడొద్దు.

వాక్యూమ్ గురించి మీకున్న ఆశ నాకు అర్థమైంది, వీడియోల్లో ఒక్కడే పలకని గాల్లో తిప్పేస్తాడు. దాని బలం గాలి ఒత్తిడిది, చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కేజీ. పలకని పట్టే 20 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి రబ్బరు కప్పుకి 314 చదరపు సెంటీమీటర్లు. లోపల గాలి అరవై శాతం తీసేస్తే 190 కేజీలు పట్టాలి. భద్రతకి సగం తీసేయండి, 95. పలక నిలువుగా ఉంటే బరువు మోసేది రబ్బరు రాపిడే, ఇంకో సగం పోతుంది. అద్దంలాంటి పాలిష్ మీదే ఈ లెక్క. గరుకుగా ఉండే లెదర్ ఫినిష్, ఫ్లేమ్ ఫినిష్ మీద గాలి అడుగునుంచి దూరిపోతుంది. మన తేమలో, దుమ్ములో, కరెంటు పోయినప్పుడు పట్టు నిలబెట్టే నిల్వ ట్యాంకు గానీ హెచ్చరిక గంట గానీ లేని చవక యంత్రం ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం. చేతిపంపు కప్పులు మాత్రం నాలుగు కొనుక్కోండి, ఇంట్లో అమర్చేటప్పుడు వేళ్ళు కింద పెట్టకుండా పలక జరపడానికి బాగా పనికొస్తాయి. పంపు దగ్గర ఎర్ర గీత బయటికి కనిపిస్తే మళ్ళీ కొట్టాలి. మనిషి మీదుగా మాత్రం ఏ కప్పుతోనూ ఏదీ ఎత్తొద్దు.

లారీ వచ్చినప్పుడు ముందు చూడాల్సింది అది సమంగా నిలిచిందా లేదా అని. కాలవ గట్టు రోడ్లన్నీ ఒక పక్కకి వాలే ఉంటాయి, అందుకే దించే చోట కాంక్రీటు బెడ్డు మీదే లారీ మొత్తం నిలిచేట్టు చూసుకోండి. క్లాంపు పట్టి గొలుసు బిగిసేదాకా ఆ పలక కట్టు విప్పకూడదు, మిగతావాటి కట్టు అలాగే ఉండాలి. పలకలకీ తొట్టి సైడుకీ మధ్య మనిషి నిలబడకూడదు, ఒక్క నిమిషమైనా. మాట ఒక్కరిదే ఉండాలి. ఐలేసా అని అందరూ అందుకునే పని కాదిది. మా యార్డులో ఆపమనే మాట మాత్రం ఎవరైనా అనొచ్చు, నిన్న చేరిన కుర్రాడైనా సరే, అన్న వెంటనే అందరూ ఆగాలి. వాలుతున్న పలకని వదిలేసి పక్కకి దూకడం మేం ప్లైవుడ్ షీటుతో నేర్పిస్తాం, చెయ్యి దానంతటదే వదిలేదాకా. పలక పగిలితే కూలీ కోయనని ముందే మాటివ్వండి. ఆ మాట ఇవ్వకపోతే ఎంత నేర్పినా కుర్రాడు పట్టుకునే ప్రయత్నం చేస్తాడు.

పెద్ద లోడుకి అద్దె హైడ్రా పిలవాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. గట్టు అంచుకి దూరంగా, చక్రాల కింద ఇనుప ప్లేట్లు వేసి నిలబెట్టాలి, వాన పడ్డ మర్నాడు అసలు వద్దు. తలెత్తి తీగలు చూడాలి. వీధి దాటే 11 కేవీ తీగ 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది రూలు, అంటే ఇరవై అడుగులు. హైడ్రా బూమ్ ఇట్టే అందుకుంటుంది. నేను నాలుగు మీటర్ల లోపల బూమ్ రానివ్వను, లైన్‌మన్‌తో కరెంటు తీయించే పని చేయిస్తాను.

ఇంటి దగ్గర అమర్చడం సంగతి తక్కువే రాస్తాను. ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న వంటగట్టు పలక 80 కేజీలు. రెండు చక్రాల పలక బండి ఒకటి కొనండి, లంక గ్రామాల్లో రేవు దాటించే పంటు దిగాక సందుల్లోకి అదే దిక్కు. సింకు కోసిన పలకని పడుకోబెట్టి మోయకండి, సన్నటి భాగం దగ్గర విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి, సింకు ముందు భాగానికి చెక్క బద్ద బిగించి మోయాలి. మేడ మీదకి పిట్టగోడ మీద నుంచి తాడేసి లాగడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఇనుప టోపీ ఉన్న బూట్లు అందరికీ కొనండి, అడుగు అంచు జారి పడినప్పుడు వేళ్ళు మిగులుతాయి. పలకే మీద పడితే బూటూ హెల్మెటూ ఏమీ చేయలేవు. అందుకే 5 టన్నుల జాకీలు రెండు, టేకు దిమ్మెలు ఒక డజను ఎర్ర రంగు వేసి అందరికీ తెలిసిన చోట పెట్టండి, వేరే పనికి తీయనివ్వకండి. ఎవరైనా కింద పడితే ముందు 108కి ఫోన్ చేయాలి. మనిషిని లాగకూడదు. జాకీతో అంగుళం లేపడం, దిమ్మె పెట్టడం, మళ్ళీ అంగుళం లేపడం.

వేళ్ళు నలిగినతని గురించి మీరు చివర్లో ఒక్క ముక్కే రాశారు. రోజుకూలీ అయినా పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923 నుంచీ ఉంది. ఆస్పత్రి ఖర్చుతో సరిపెట్టకుండా, పనికి రాలేకపోయిన రోజుల కూలీ కూడా లెక్క కట్టి ఇవ్వండి. కోలుకున్నాక రమ్మని కబురు చేసి, స్టాండ్ల కొలతలు తీసుకునేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ రోజు పలక ఎటు నుంచి ఎలా జారిందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బెడ్డు పోయించే ముందు స్థలం కొలతలు, లారీ ఎటు నుంచి వెనక్కి వస్తుందో గీసిన బొమ్మ ఇక్కడ పెట్టండి. దూలం ఎక్కడ పడితే బాగుంటుందో చూసి చెప్తాను.